ఇచ్చిన చేతికే తాళంచెవి

మా ఆయన పోయి రెండు నెలలు దాటాక గానీ ఆయన బీరువా తెరిచే ఓపిక నాకు రాలేదు. ఓపిక వచ్చి తెరిచానని కూడా చెప్పలేను. రెండో అంతస్తులో ఖాళీ అయిన ఇంట్లోకి కొత్తవాళ్ళు దిగుతామంటే, ఆ ఇంటి వెనక తలుపు తాళంచెవి కనిపించక వెతుక్కుంటూ వెళ్ళాను. పోర్టు వచ్చి ముత్తుకూరులో అద్దె ఇళ్ళకు గిరాకీ పెరిగిన రోజుల్లో, మాకున్న స్థలంలో ఆయన మూడంతస్తులు కట్టించాడు. కింద మేము, పైన అద్దెకున్నవాళ్ళు. క్రేన్లు నడిపేవాళ్ళు, కరెంటు ప్లాంటులో పనిచేసేవాళ్ళు, ఒరియావాళ్ళు, బీహారువాళ్ళు, తమిళంవాళ్ళు, మనవాళ్ళు. ఒక్కొక్క ఇంటికి ముందు తలుపు, గ్రిల్లు, వెనక తలుపు. అవి చాలవన్నట్టు మిద్దె మీది తలుపు, మోటారు గది, మెట్ల కింద గేటు. ఆయన ఒక చెక్కకు వరసగా మేకులు కొట్టి, ప్రతి మేకు కిందా రంగుతో నంబరు రాసి తాళంచెవులు తగిలించేవాడు. కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టినా ఆయనకు కావలసింది దొరికేది. ఆయన పోయాక ఆ మేకులు నా మాట వినడం మానేశాయి. మూడో మేకుకు ఏడో ఇంటిది ఉంటుంది, ఏడో మేకుకు ఏమీ ఉండదు. తగిలించేదీ నేనే, తిట్టుకునేదీ నేనే.

ఖాళీ చేసేవాళ్ళు చెప్పి వెళ్ళే రోజులు కూడా పోయాయి. తెల్లారి లేచేసరికి ఫోనులో ఒక ఫోటో ఉంటుంది. చెప్పుల స్టాండు, దాని మీద పాత బూటు, ఆ బూటులో తాళంచెవి. కొందరు ఆపాటి శ్రమ కూడా పడరు. రైలెక్కి ఒరిస్సా దగ్గర పడ్డాక ఫోన్ చేసి, "ఆంటీ, కీ నా జేబులోనే వచ్చేసింది" అని నవ్వుతారు. నేనూ నవ్వుతాను, ఏం చెయ్యను? మళ్ళీ కొత్త తాళం, మళ్ళీ కొత్త తాళంచెవులు. మిగిలిపోయిన పాతవాటిని పారెయ్యడానికి మా ఆయనకు మనసొప్పేది కాదు. ఒక పెద్ద పాలపొడి డబ్బాలో వేసేవాడు. బీరువా అడుగున ఆ డబ్బా దొరికితే హాల్లో పేపరు పరిచి గుమ్మరించాను. ఏ తాళానికీ పట్టని తాళంచెవులు ఇంత కుప్ప. ఆ కుప్పలో ఒక ఇనప రింగు, దానికి ఒకే ఒక్క పొడుగాటి తాళంచెవి, దానికి ముడివేసిన గుడ్డపీలిక కనిపించాయి. గుడ్డ రంగు పోయి మట్టిరంగుకు వచ్చింది గానీ ముడి చూడగానే పోల్చుకున్నాను. అది మా అమ్మ వేసిన ముడి. ఆమె పోయాక గూడూరు నుంచి నేనే తెచ్చుకుని మరిచిపోయినట్టున్నాను. వెనక తలుపు సంగతి మరిచిపోయి ఆ నేల మీదే చాలాసేపు కూర్చుండిపోయాను. లేవడానికి మోకాళ్ళు ఒప్పుకోకపోవడం కూడా ఒక కారణం.

మా పుట్టిల్లు గూడూరు. మా నాన్న మైకా షెడ్డులో మేస్త్రీ. తాత కట్టిన పెంకుటిల్లు ముందు, దాని వెనక పెద్ద వాకిలి, వాకిలి చుట్టూ వరసగా అద్దె పోర్షన్లు, నడుమ అందరికీ ఒకటే బావి. స్టేషను దగ్గర కాబట్టి అద్దెకుండేది ఎక్కువగా రైల్వేవాళ్ళే, ఒకరిద్దరు నిమ్మకాయల మండీలో పనిచేసేవాళ్ళు. గాలి ఒకవైపు తిరిగితే బొగ్గుపొగ, ఇంకోవైపు తిరిగితే మాగిపోయిన నిమ్మకాయల పులుపు. నాన్న సాయంత్రం వచ్చి చొక్కా విదిలిస్తే మైకా పొడి వాకిట్లో రాలి, మర్నాడు ఎండకు ముగ్గు పిండిలో కలిసి మెరిసేది. రైల్వేవాళ్ళ డ్యూటీలకు వేళాపాళా ఉండదు. భార్యలు కాన్పులకూ పెళ్ళిళ్ళకూ పుట్టిళ్ళకు పోతుంటారు. అందుకని ఎవరు గడప దాటినా తాళం వేసి, తాళంచెవి తెచ్చి మా అమ్మ చేతిలో పెట్టి వెళ్ళేవాళ్ళు. మా వైపు తాళాన్ని బీగం అనేవాళ్ళు. "అమ్మా, బీగంచెవి" అన్న పిలుపుతో మా ఇంట్లో తెల్లవారేది, ఆ పిలుపుతోనే పొద్దుగూకేది. మా అమ్మ పేరు రత్నమ్మ అని అద్దెకున్నవాళ్ళలో సగం మందికి తెలియదు. బియ్యం చెరగడం, కూరలు తరగడం, బైబిలు చదువుకోవడం, నా తల దువ్వడం, అన్నీ వీధి అరుగు మీదే. వచ్చినవాళ్ళు వెతుక్కోనక్కర్లేకుండా ఎప్పుడూ అక్కడే ఉండేది.

ఏ తాళంచెవి ఎవరిదో గుర్తుకు ఆమె పద్ధతి ఆమెకుండేది. కొత్తగా ఎవరైనా దిగిన రోజున ఆ ఇంటి ఇల్లాలిని పిలిచి, "నీ పాత చీరలోంచి ఒక పీలిక చించి ఇయ్యి మే" అని అడిగేది. ఆ పీలికను ఆ ఇంటి తాళంచెవికి ముడివేసేది. ఇదేం వింత అని కొత్తవాళ్ళు మొహాలు చూసుకునేవాళ్ళు. నంబరు రాసుకుంటే పోలా అని నాన్న ఎన్నోసార్లు అన్నాడు. "నంబరేసి పారేసుకుంటే, దొరికినోడికి ఇల్లు చూపించినట్టే గదా. గుడ్డపేలిక చూసి వాడికేం తెలస్తది?" అనేది. నిజమే, ఎవరికీ తెలిసేది కాదు. పచ్చ పువ్వుల గుడ్డ ఫలానా ఆవిడ కట్టి విడిచిన చీరదని ఆమెకొక్కదానికే తెలుసు, చూసి చూసి కొంత నాకూ తెలుసు. వాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోతే ఆ పీలిక విప్పి, కుడుతున్న బొంతలో ఎక్కడో ఒకచోట అతికేది. అట్లా మా బొంతల నిండా వెళ్ళిపోయినవాళ్ళే ఉండేవాళ్ళు.

ఇంకొక కట్టుబాటు ఉండేది, అది రాయి మీద చెక్కినట్టే. ఏ చెయ్యి ఇస్తే ఆ చేతికే తాళంచెవి. అన్న ఇచ్చింది తమ్ముడికివ్వదు. ఒక పోర్షనుది పక్క పోర్షనువాళ్ళ చేతికి అసలే ఇవ్వదు. నేను బాగా చిన్నగా ఉన్నప్పుడు ఒకసారి అట్లా ఇస్తే, ఒక ఇత్తడి బిందె కనిపించకపోయి, రెండు కుటుంబాలు బావి దగ్గర జుట్లు పట్టుకున్నాయట. బిందె తర్వాత ఇంట్లోనే దొరికింది గానీ అనుకున్న మాటలు వెనక్కి పోలేదు. అప్పట్నుంచీ ఆమె ఒట్టు పెట్టుకుంది. "కంచే చేను మేసిందనే మాట నా గడపలో రాకూడదు" అనేది. మాట బాగానే ఉంది. కానీ ఆ మాట నిలబెట్టాలంటే మా ఇంట్లో ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి. ఆదివారం వేకువ ఆరాధనకు అమ్మా నేనూ వెళ్ళి వస్తే, రెండో ఆరాధనకు నాన్నా తమ్ముడూ వెళ్ళేవాళ్ళు. క్రిస్మసుకూ అంతే, పెళ్ళిళ్ళకూ అంతే. మేం నలుగురం ఒకే వరసలో కూర్చుని పాట పాడింది నాకు గుర్తు లేదు. నలుగురం ఉన్న ఫోటో ఒక్కటి కూడా లేదు. ఎప్పుడూ మనిషి ఉండే ఇంటికి తాళమెందుకని మా ఇంటికి తాళమే లేదు. ఇన్ని ఇళ్ళ తాళంచెవులున్న ఇంటికి తాళం కప్ప లేదంటే నమ్ముతారా? "అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంట" అని నాన్న ఎగతాళి చేసేవాడు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. ఊళ్ళోవాళ్ళ ఇళ్ళు కాపలా కాస్తూ మా ఇంటికి మేమే బందీలమయ్యామని ఆ వయసులోనే అనిపించేది.

ఆ ఎండాకాలం నాన్న గనుల దగ్గర పనిబడి వారం రోజులుగా ఇంట లేడు. ఒకరోజు పొద్దున్నే మనుబోలు నుంచి యోహాను మామ వచ్చాడు. అమ్మకు ఒక్కడే తమ్ముడు. చెప్పులు విడవకుండా వాకిట్లోనే నిలబడ్డాడు.

"అక్కా, అమ్మకి ఏం బాగలేదు. నిన్న పొద్దుట్నించి నీ పేరే కలవరిస్తా ఉంది. బయల్దేరు" అన్నాడు.

అమ్మ చేతిలో చేట పక్కన పెట్టింది. లేచింది. లేచినావిడ మళ్ళీ అరుగు మీద కూర్చుంది. "మస్తానయ్య బీగంచెవి నా కాడుండాది రా. మధ్యాన్నం బండికి దిగతాడు. ఆయన చేతికిచ్చేసి బస్సెక్కేస్తాం" అంది.

మస్తానయ్య రైలింజనులో ఫైర్‌మాన్. ఇంజనుకు బొగ్గు ఎత్తిపోసే పని. డ్యూటీ దిగి వస్తే కళ్ళు, పళ్ళు తప్ప ఇంకేం కనిపించేవి కావు. భార్య కాన్పుకు పుట్టింటికి పోయింది. ఒంటరి మనిషి, వచ్చిందే ఆలస్యం స్నానం చేసి పడి నిద్రపోతాడు. మేం వెళ్ళిపోతే ఆ మనిషి ఇంట్లోకి ఎట్లా పోతాడన్నది అమ్మ బాధ. మనుబోలు ఎంత దూరమని, బస్సెక్కితే ఇట్టే దిగేస్తాం, మధ్యాహ్నం దాకా ఆగితే ఏమవుతుందని అమ్మ అనుకుంది. ఏమీ కాదని నాకూ అనిపించింది. మామకు మాత్రం అనిపించలేదు. అతను చూసి వచ్చినవాడు.

పక్క పోర్షనులో లక్ష్మమ్మ ఉండేది, ఆమె మొగుడు మండీలో గుమాస్తా. సంగతి తెలిసి తడి చేతులతోనే వచ్చింది. "నాకియ్యండి వదినా. ఆయనొస్తే నేనిస్తా. మీరు పోండి ముందు" అంది.

"నీ మీద నమ్మకం లేక కాదు లక్ష్మమ్మా. రేపు ఆయింట్లో ఒక గరిటి కనపడకపోతే ముందు నీ మొహమే గదా చూసేది. నీకెందుకు ఆ మాట?" అంది అమ్మ.

మధ్యాహ్నం బండి కూత వినపడింది. అమ్మ వీధి మొగ వైపే చూస్తోంది. మస్తానయ్య రాలేదు. ఆ బండి తర్వాత ఇంకొకటి వచ్చింది. అన్నం వండింది గానీ ఎవరూ సరిగ్గా తినలేదు. మామ అరుగు మీద కూర్చోలేక, నిలబడలేక, వీధి చివరిదాకా పోయి వస్తున్నాడు. ఎండ అరుగెక్కి అమ్మ పాదాల మీదికి వచ్చినా ఆమె కాళ్ళు ముడుచుకోలేదు. చివరికి మామకు దుఃఖమే కోపమయింది.

"ఆ ఇనపముక్క కోసరం కన్నతల్లిని చూడవా అక్కా? వాడెవుడో, వాడి ఊరేదో. రేప్పొద్దున వాడికి బదిలీ అయితే నువ్వెవురో అడగనుకూడా అడగడు" అన్నాడు.

 అమ్మ లోపలికి పోయి, ఇంకో చీర మార్చుకుని, మస్తానయ్యదీ, ఊళ్ళకు పోయినవాళ్ళవీ ఉన్న తాళంచెవుల రింగు మొత్తం కొంగున ముడివేసుకుని, ఆ ముడి బొడ్లో దోపుకుని వచ్చింది. నన్నూ తమ్ముణ్ణీ బయల్దేరమంది. మా ఇంటి తలుపు దగ్గరికి లాగి, గొళ్ళెం పెట్టి, వీధిలోకి దిగింది. మా ఇంటికి తాళం లేదు కదా, ఎవరైనా వచ్చి గొళ్ళెం తీసుకుని పోవచ్చు. మా బియ్యం, మా గిన్నెలు, నాన్న గడియారం, అన్నీ అట్లాగే వదిలేసి, ఎవరివో తాళంచెవులు మాత్రం భద్రంగా కొంగున కట్టుకుని మా అమ్మ మనుబోలు బస్సెక్కింది. ఇట్లాంటి తెలివితక్కువ పని మా అమ్మ తప్ప ఎవరూ చెయ్యరని ఇప్పటికీ అంటాను. అది తెలివితక్కువ అని ఆమెకు చివరిదాకా తోచలేదు. మనది పోతే మనం ఏడుస్తాం, ఊరివాళ్ళది పోతే ఏం సమాధానం చెప్తాం అన్నది ఆమె లెక్క.

మేం వెళ్ళేసరికి అమ్మమ్మ వీధి వాకిట్లో ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళు కూర్చున్న తీరు చూసి మామ బస్టాండు నుంచి మోసుకొచ్చిన సంచీ కింద వదిలేశాడు. అమ్మమ్మ అప్పుడే పోయింది. ఒళ్ళు ఇంకా చల్లబడలేదు. చివరిదాకా "రత్నమ్మ వచ్చిందా" అని అడుగుతూనే ఉందని మా అత్త చెప్పింది. చెప్పకుండా ఉంటే బాగుండేది. కొన్ని సంగతులు తెలియకపోవడమే మేలు, కానీ చావింట్లో ఎవరూ ఏదీ దాచుకోరు.

అమ్మ ఏడవలేదు. అమ్మమ్మ తల పక్కన కూర్చుని, ఆమె జుట్టు సర్దుతూ ఉండిపోయింది. మర్నాడు సమాధి తోటలో అయ్యగారు ప్రార్థన చేస్తుంటే, అమ్మ వంగి గుప్పెడు మట్టి వేసింది. వంగినప్పుడు కొంగున కట్టిన తాళంచెవులు గలగలమన్నాయి. మామ తల తిప్పి వాటి వైపొకసారి చూశాడు.  ఆ రెండు రోజులూ ఆమె ఆ ముడి విప్పలేదు. పడుకున్నప్పుడు కూడా చేత్తో పట్టుకునే పడుకుంది. ఏడిస్తే బాగుండునని నేను ఎదురు చూశాను. ఏడవని అమ్మను చూస్తే నాకు భయం వేసింది.

మూడో రోజు పొద్దున గూడూరు వచ్చాం. వీధి మొగ తిరిగేసరికి మా అరుగు మీద ఒక మనిషి కనిపించాడు. మస్తానయ్య. ఒంటి మీద అదే బొగ్గు మరకల ఖాకీ. గడ్డం మాసి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాడు. మేం బయల్దేరిన సాయంత్రమే వచ్చాడట. అతని ఇంటికి తాళం ఉంది, తాళంచెవి మనుబోల్లో ఉంది. స్టేషనుకు పోయి రన్నింగు రూములో పడుకోవచ్చు, డ్యూటీ మనుషులందరూ అక్కడే పడుకుంటారు. అతను పోలేదు. మా ఇంటికి తాళం లేదని లక్ష్మమ్మ చెప్పిందట. మర్నాటి డ్యూటీ ఇంకొకరికి మార్పించుకుని, లక్ష్మమ్మ పెట్టింది తిని, మా అరుగు మీదే ఉండిపోయాడు. గొళ్ళెం తీసుకుని లోపలికి పోయి ఫ్యాను కింద పడుకోవచ్చు గదా అని తర్వాత నాన్న అడిగితే, "ఆడోళ్ళు లేని ఇంట్లోకి ఎట్ట పోతానన్నా? ఇల్లు తెరిచి పెట్టుండాది, ఎట్ట వదిలి పోతా?" అన్నాడు.

మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. అమ్మ అరుగు దగ్గరికి రాకముందే కొంగు ముడి విప్పడం మొదలుపెట్టింది. చెమటకు ముడి బిగుసుకుపోయి రాలేదు. పళ్ళతో లాగింది. తన కోసమే ఆమె ఆగిందని, ఆగినందుకే తల్లి కడచూపు దక్కలేదని అతనికప్పటికే తెలుసు. మామ ఆ రాత్రే ఎవరితోనో కబురు పంపాడు. అమ్మ ముడి విప్పి, అతని భార్య పచ్చ చీర పీలిక కట్టిన తాళంచెవి తీసి ముందుకు చాపింది.

మస్తానయ్య చెయ్యి చాపలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"ఉండనీండమ్మా. ముందు కూర్చోండి. ఇల్లు యాడికి పోతుంది?" అన్నాడు. తల తిప్పి, "లక్ష్మమ్మక్కా, అమ్మకి నీళ్ళు తే" అని కేకేశాడు.

అమ్మ అరుగు మీద కూలబడింది. అప్పుడు ఏడ్చింది. శవం దగ్గర, సమాధి దగ్గర రాని ఏడుపంతా ఆ అరుగు మీద వచ్చింది. వాకిట్లో ఆడవాళ్ళందరూ వచ్చి చుట్టూ కూర్చున్నారు. లక్ష్మమ్మ ఆమె తలను ఒళ్ళోకి తీసుకుంది. మస్తానయ్య బావి దగ్గర మొహం కడుక్కుని, గోడవారన నిలబడి ఉండిపోయాడు. తాళంచెవి అమ్మ చేతిలోనే ఉంది. ఎండ బాగా పైకి వచ్చాక, అమ్మ తానుగా లేచి అతనికిస్తే అప్పుడు తీసుకున్నాడు.

ఇక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటు. ఆ తర్వాత మస్తానయ్య డ్యూటీకి పోయేటప్పుడు తాళంచెవి జేబులో వేసుకుని పోవడం మొదలుపెట్టాడు. ఆమెను ఇంకెప్పుడూ కట్టి పడెయ్యకూడదని అతని ఉద్దేశం. ఒకటి రెండుసార్లు చూసింది అమ్మ. మూడోసారి అతని గుమ్మం ముందుకు పోయి నిలబడింది.

"మస్తానయ్యా, నా మీద నమ్మకం పోయిందా?"

"అయ్యో, అదేం మాటమ్మా? నా వల్లనే గదా మీరు..."

"నీ వల్ల కాదు. ప్రభువు పిలిచినాడు, ఆమె పోయింది. బీగంచెవి ఇటియ్యి."

ఇచ్చాడు. ఈవిడకు ఈ జన్మలో బుద్ధి రాదని అప్పుడు నేననుకున్నాను. పెద్దయ్యాక ఉద్యోగం చేసే ఊళ్ళో ఉంటాను, ఎవరి తాళంచెవీ ముట్టుకోను అని కూడా అనుకున్నాను. టీచరుగా ఎన్నో ఊళ్ళు తిరిగాను. తిరిగి తిరిగి చివరికి ముత్తుకూరులో, మేకుల చెక్క కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఏం చెప్పను?

అమ్మ కాలమంతా బంగారమని నేననను. ఆ పద్ధతి మా అమ్మను నమిలి మింగింది. ఇప్పుడు నాకున్న వెసులుబాటులో పావు వంతు ఆమెకు ఉండి ఉంటే అమ్మమ్మ కళ్ళు తెరిచి ఉండగానే చూసేది. మా మరిది నంబర్లు నొక్కే తాళాలు పెట్టించమంటున్నాడు. "ఫోన్లో నంబరు చెప్తే చాలు వదినా, నువ్వు యాడున్నా ఫర్వాలేదు" అంటాడు. పెట్టిస్తాను కాబోలు. నాకింక ఓపిక లేదు. ఈ తాళంచెవుల మీద కోపం కూడా లేదు, విసుగు మాత్రమే ఉంది.

ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. మా ఆయన పోయిన రోజు ఆయన్ని హాల్లో ఫ్రీజరు పెట్టెలో ఉంచి, ఆడవాళ్ళు పాటలు పాడుతున్నారు. బయట షామియానా వేశారు, కుర్చీలు వేశారు. పై అంతస్తులో ఉండే కుర్రవాడు రాత్రి షిఫ్టు దిగి వచ్చాడు. మంచివాడు, ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరుగడు. బూట్లు బయటే విప్పి, హెల్మెట్టు చంకలో పెట్టుకుని, జనం మధ్యలోంచి ఒద్దికగా నా దగ్గరికి వచ్చి వంగి, "ఆంటీ, రూమ్ కీ" అని చెయ్యి చాపాడు. నేను లేచాను. పెట్టె పక్కనుంచి నడిచి, చెక్క దగ్గరికి పోయి, మేకు మీది తాళంచెవి తీసి ఇచ్చాను. అప్పటికింకా అది సరైన మేకుకే ఉంది. "థాంక్యూ ఆంటీ" అని మెట్లెక్కి వెళ్ళిపోయాడు. మా తోడికోడలికి కోపం వచ్చింది, ఇంగితం లేదా అంది. పోనీలే, రాత్రంతా పనిచేసి వచ్చాడు, నిద్రపోవాలి గదా అన్నాను. అందరూ నిజమే అన్నారు. నేనూ అదే అనుకుని మళ్ళీ వచ్చి నా చోట్లో కూర్చున్నాను. మస్తానయ్య కూడా ఆనాడు డ్యూటీ దిగే వచ్చాడు.